ముంతాజ్ ఆంటీ మూడుసార్లు చూసిన బీపీ

ఇందాక బీపీ మిషన్ పట్టీ విప్పితే చర్రుమంది. ఆ చప్పుడు వినగానే నాకు ముంతాజ్ ఆంటీ గుర్తొస్తుంది. ఇప్పుడు మేముండేది సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో. అప్పట్లో సెరంగూన్‌లో మా ఎదురు ఫ్లాట్ ఆవిడది. హైదరాబాదులో నర్సుగా చేసి, కొడుకు దగ్గరికి వచ్చేసింది. బ్లాకులో పెద్దవాళ్లందరికీ బీపీ చూసేది. ముందు ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోమనేది. ఆ పని ఆవిడకు మాత్రం చేతనయ్యేది కాదు.

నాకు పద్నాలుగేళ్లు. తలనొప్పి, చెమటలు, గుండె దడ. వచ్చినప్పుడల్లా దగ్గర్లో ఏదో ఒక పరీక్ష ఉండేది; సింగపూర్‌లో ఎప్పుడు లేదు గనక! అమ్మ దానికి నాటకమని పేరు పెట్టేసింది. ఒక సాయంత్రం ఆంటీ మా గుమ్మంలో నా మొహం చూసి, కూర్చోబెట్టి పట్టీ కట్టింది. నూట తొంభై. తన చేతికి కట్టుకుని చూసుకుంది, మామూలుగానే ఉంది. మళ్లీ నాకు కట్టింది. నూట తొంభై రెండు.

"మిషన్ పాడైందేమో ఆంటీ. పిల్లలకు బీపీ ఏంటి? రేపు మ్యాథ్స్ కదా, అందుకే ఈ వేషాలు," అంది అమ్మ.

"వేషమైతే ఇన్ని చెమటలు ఎక్కడికెళ్లి తెస్తది? టాక్సీ పిలు."

"ఎగ్జామ్ అయ్యాక వెళ్దాం లా," అన్నాను నేను సింగపూర్ యాసలో.

"నువ్వు చుప్ కూర్చో బేటా."

అమ్మకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే చెప్పులేసుకుంది.

ఆస్పత్రిలో స్కాన్ తీస్తే, ఎడమ మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలో నిమ్మకాయంత కణితి. బీపీని అదే పెంచుతోందట. పెద్ద కోత అక్కర్లేదని, నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ తీస్తామని సర్జన్ బొమ్మ గీసి చెప్పారు. అయితే కణితిని కదిలిస్తే బీపీ ఎగబాకి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ముందు రెండు వారాలు మందులు వాడారు.

ఆపరేషన్ రోజు బయట కూర్చుని అమ్మ, "నాటకమన్నాను ఆంటీ," అందట. ఆంటీ అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ మూడు గంటలూ నోరు మెదపలేదట.

మర్నాడు నా పొట్ట మీద నాలుగు పట్టీలు చూసి, "ఇంతేనా? వీటికా నేను అన్ని దువాలు చేసింది?" అంది. అని ఏడ్చేసింది.

ఆంటీ పోయి నాలుగేళ్లయింది. రేపు మా అమ్మాయికి స్కూల్లో చైనీస్ డిక్టేషన్ పరీక్ష. పొద్దుటి నుంచి తలనొప్పి అంటోంది. వేషమే అయ్యుంటుంది. అయినా ఐదు నిమిషాలు ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మామూలుగానే ఉంది.

మిషన్ పక్కన పెట్టి, "నొప్పి ఎక్కడమ్మా?" అని అడిగాను.