కాలవ గట్టు టీచరు గారి అనుమానం

టీచరు గారు పోయారని నాకు చెప్పింది పాలాయన. నేనప్పుడే కుట్టు షాపు షట్టరు ఎత్తుతున్నాను. "హాస్పిటల్లోనే పోయారంటండీ. గుండె అంటున్నారు," అన్నాడు, క్యాను కింద పెట్టకుండానే. గుండె అన్న మాటని మా వీధిలో ఎవరూ పూర్తిగా నమ్మలేదు. విరేచనాలతో చేరిన మనిషికి గుండె ఎందుకు ఆగిందని ఒకరు, రిపోర్టులు ఎవరికీ చూపించలేదేమని ఇంకొకరు అడిగారు. నాకూ అదే అనుమానం. నిజమేంటో నాకు తెలియదు. చెప్పిందల్లా నమ్మకుండా ఒకసారి ఆగి ఆలోచించడం మాత్రం మాకు ఆవిడే నేర్పారు.

ఆవిడ మిషన్ స్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. మా షాపుకి ఎదురిల్లే ఆవిడది. ఇంటి వెనకే కాలవ, దిగడానికి నాలుగు మెట్ల రేవు. గ్యాసు బండ వస్తే సీలు పట్టి లాగి చూసేవారు. చేపలావిడ తాజావండీ అంటే మొప్ప ఎత్తి చూసేవారు. నేను జాకెట్టు కుట్టి ఇస్తే నా ముందే దాన్ని తిరగేసి, ప్రతి కుట్టూ వేలితో తడిమేవారు. మొదట్లో నాకు కష్టంగా ఉండేది. ఒకరోజు అడిగేశాను.

"నా మీద నమ్మకం లేదాండీ?"

"నీ మీద ఉందమ్మాయ్. కుట్టు మీదే లేదు," అన్నారు.

మా కాలవ సంగతి చెప్పాలి. ధవళేశ్వరంలో బయల్దేరిన నీళ్ళు పొలాలన్నీ తిరిగి మా ఊళ్ళోకి వస్తాయి. లాకులు దాటి, మూతబడిన రైసుమిల్లు వెనక నుంచి మా వీధి పక్కకి వస్తాయి. ఇంకొంచెం ముందుకెళ్తే తూములోంచి ఊరి మంచినీళ్ళ చెరువులోకి. అక్కణ్ణించి మా కుళాయిల్లోకి. ఆ నీళ్ళ మీద కవర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, పెళ్ళిళ్ళ విస్తళ్ళు గుర్రపుడెక్కలో ఇరుక్కుని తేలుతూ ఉంటాయి.

మున్సిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ చెత్తబండి పెట్టినప్పుడు అందరం సంతోషించాం. కొన్నాళ్ళకి టీచరు గారు మా షాపు మెట్టు మీద కూర్చుని అడిగారు.

"వీధిలో చెత్త తగ్గింది కదా?"

"తగ్గిందండీ."

"మరి కాలవలో ఎందుకు పెరిగింది?"

ఆ మాటే శానిటరీ ఇన్‌స్పెక్టరు గారిని అడిగాం. పై వీధుల జనానికి బుద్ధి లేదండీ, అన్నాడాయన. టీచరు గారు సరేనని తలూపారు. ఆవిడ అలా తలూపితే నమ్మలేదని అర్థం.

మర్నాడు వచ్చి నా కత్తిరింపుల బుట్టలోంచి ఎర్ర గుడ్డ పేలిక ఒకటి అడిగి తీసుకెళ్ళారు. ఇంట్లో చెత్త మూట కట్టి, మెడకి ఆ పేలిక బిగించి, తన చేత్తోనే బండికి అందించారు. ఆ మధ్యాహ్నం గొడుగేసుకుని రేవులో కూర్చున్నారు. టీ టైముకి నన్ను పిలిచారు. వెళ్ళి చూద్దును కదా, గుర్రపుడెక్క పక్కన ఎర్ర పేలిక కట్టిన మూట నెమ్మదిగా తిరుగుతూ వస్తోంది.

పొద్దున్న బండెక్కిన మూట మధ్యాహ్నానికి కాలవలోకి ఎలా వచ్చింది? కర్రతో దాన్ని ఒడ్డుకి లాక్కుని, సంచిలో వేసుకుని, ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు గారు సంచిలోకి తొంగి చూశాడు.

"ఈ మూట మీదేనాండీ?"

"నాదే."

"కాలవలో దొరికిందా?"

"దొరికింది."

"అంటే కాలవలో చెత్త వేసింది మీరేనని ఒప్పుకుంటున్నట్టేగా."

ఆ వారంలోనే ఆవిడ పేర జరిమానా నోటీసు వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం రెండుసార్లు చదువుకుని, కళ్ళజోడు తీసి, "తెలివైనవాడే. కానీ తొందరపడ్డాడు. మూట కాలవలో దొరికిందని కాయితం మీద రాసిచ్చేశాడు," అన్నారు.

తర్వాత మా వీధి ఆడవాళ్ళందరూ నా బుట్ట చుట్టూ చేరారు. పచ్చ, పసుపు, ఊదా, లైనింగు ముక్కలు, జరీ అంచులు. ఎవరి చెత్త మూటకి వాళ్ళ రంగు కట్టారు. ఆ రోజు చెత్తబండి పండగ బండిలా వెళ్ళింది. టీచరు గారు కౌన్సిలరు గారిని టీకి పిలిచారు. చిన్నప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడు కాబట్టి రాననలేకపోయాడు. రేవులో కుర్చీ వేయించి, కప్పు చేతికిచ్చి, చర్చి కబుర్లూ వాళ్ళమ్మ ఆరోగ్యమూ మాట్లాడుతూ కూర్చోబెట్టారు. ముందు ఒక పచ్చ పేలిక వచ్చింది. తర్వాత రెండు పసుపువి. ఆ వెనక వరసగా మా వీధి వీధంతా వచ్చింది. కౌన్సిలరు గారు కప్పు మెట్టు మీద పెట్టేశాడు.

"నేను చూస్తానండీ టీచరు గారూ."

"చూశావుగా నాయనా. ఇంకేం చూస్తావు?"

దానికి ఫలితం లేకపోలేదు. రైసుమిల్లు వెనక, బండి చెత్త పోస్తోందన్న చోట, కాలవ గట్టుకి వల కట్టారు. చెత్త వేయరాదని బోర్డు పెట్టారు. బండికి కొత్త డ్రైవరు వచ్చాడు. పేలికలు కడుతూనే ఉన్నా, మా మూటలు రావడం ఆగిపోయింది. నోటీసు మాత్రం రద్దు చేయలేదు. అయినా గెలిచామని అందరికీ స్వీట్లు పంచాను. టీచరు గారు లడ్డూ విరిచి లోపల చూసి తిన్నారు.

"మూటలు ఆగాయి, బాగానే ఉంది. గ్లాసులు, కవర్లు వస్తూనే ఉన్నాయి. మూటలు విప్పి పోస్తున్నారేమో అమ్మాయ్."

ఈసారి నాక్కూడా అతి అనిపించింది. వీధిలో కొందరు విసుక్కున్నారు. పెద్దావిడకి పని లేదన్నారు. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. బండి వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి డ్రైవరు మొహంలోకి చూసేవారు, అంతే. అతను తల తిప్పుకునేవాడు. ఎండకో, ఎందుకో.

వేసవిలో ఏటా లాగే కాలవలకి నీళ్ళు కట్టేశారు. నీళ్ళు పోయాక అడుగు బయటపడింది. అప్పటికే ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు. మంచం మీద నుంచే, "ఒకసారి వల దాకా వెళ్ళి చూసిరా," అన్నారు. బురద ఎండి బీటలు వేసింది. దాని మీద నడుచుకుంటూ వెళ్ళాను. వల గట్టు పొడుగునా గట్టిగానే ఉంది, ఒక్క చివర తప్ప. అక్కడ బండి పట్టేంత సందు ఉంది. ఆ సందు కింద బురదలో నా పేలికలు కనిపించాయి. పచ్చవీ, ఊదావీ. ముడులు ముడుల్లాగే ఉన్నాయి.

కొన్ని తీసుకెళ్ళి కడిగి ఆవిడ చేతిలో పెట్టాను. ఒక్కోటీ దగ్గరగా పెట్టుకుని చూశారు.

"చిరిగిందా, కోశారా?"

"కోశారండీ. పోగు ఎక్కడా లేవలేదు."

"ఖాయమేనా?"

"ఖాయమండీ."

"ఇంకోసారి చూడు," అన్నారు.

మళ్ళీ చూశాను. కోసినవే. మూటలు కోసి పోస్తున్నారన్న అనుమానం నిజమైంది కాబట్టి ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. కళ్ళు మూసుకుని, "నేను పొరపడి ఉంటే బాగుండేదమ్మాయ్," అన్నారు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేరు. హాస్పిటల్లో చేర్చేటప్పుడు కూడా సెలైన్ సీసా మీద తేదీ చదివి వినిపించమన్నారు.

సమాధి దగ్గర పాస్టరు గారు ఆవిడ గొప్ప విశ్వాసి అని చెప్పారు. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నిజమే. దేవుడి దగ్గర నమ్మకమంతా ఖర్చు పెట్టేసి, మనుషుల దగ్గరికి ఖాళీ చేతులతో వచ్చేవారు. అయినా మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు తలుపు తట్టింది ఆవిడే. కౌన్సిలరు గారు సంతాపం ఫ్లెక్సీ కట్టించాడు, కాలవ రెయిలింగుకే. అందులో ఆవిడని పరిశుభ్రతకి అంకితమైన జీవితం అన్నారు.

పేలికలు పట్టుకుని నేను ఆఫీసుకి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు గారు కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. నేను తాగలేదు. "ఆవిడ పోయారు కాబట్టి నోటీసు ఫైలు మూసేశాం. ఇంక మీకే ఇబ్బందీ లేదండీ," అన్నాడు. నేను ఇబ్బంది గురించి రాలేదని చెప్పి, పేలికలు బల్ల మీద పరిచి, అర్జీ రసీదు ఇచ్చేదాకా లేవలేదు. విచారిస్తామన్నారు. నేను తలూపాను.

మొన్న కాలవలకి మళ్ళీ నీళ్ళు వదిలారు. లాకుల దగ్గర నీళ్ళు దిగాయని ఎవరో ఫోన్ చేస్తే, మిషను ఆపి గట్టు మీదికి వెళ్ళాను. అప్పటికే వీధి ఆడవాళ్ళు చాలామంది వచ్చి ఉన్నారు. ఏటా నీళ్ళొస్తే దణ్ణం పెట్టి, పసుపు కుంకాలు వేసి వెళ్ళిపోయేవాళ్ళం. ఈసారి ఎవరూ కదల్లేదు. ముందు బీటల్లోకి తడి పాకింది. తర్వాత మలుపు దగ్గర నీళ్ళ అంచు కనిపించింది, ఎండుటాకులూ నురగా తోసుకుంటూ, మనిషి నడకంత నెమ్మదిగా. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ నురగ వెనక ఏం వస్తోందో చూస్తూ నిలబడ్డాం.