నడిసముద్రంలో తద్దినం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆఫీసుకి డ్రైవ్ చేస్తుంటే పక్కింటి అంకుల్ ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మీ ఆంటీ వెళ్ళిపోయింది. నిద్రలోనే. నువ్వు కారు పక్కకి ఆపు," అన్నారు.

ముందు కారు ఆపమని, తరవాత కదా ఆ మాట చెప్పాలి. ఆయన ఎప్పుడూ ఇంతే, అన్నిటికీ తొందరే. హైవే పక్కన ఆపుకుని కూర్చున్నాను. పెద్ద ట్రక్కు పోయినప్పుడల్లా కారు ఊగుతోంది. ఏడుపు రాలేదు. ఎటు వెళ్ళాలో తోచలేదు. చివరికి తరవాతి ఎగ్జిట్‌లో వెనక్కి తిప్పి వాళ్ళింటికి వెళ్ళాను.

అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను. ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుని ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు. ఆంటీ ఉంటే, "కూచోవే తల్లీ, కూచుంటే కాళ్ళేం అరిగిపోవు," అనేవారు.

షికాగో దగ్గర ఈ షామ్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే మీలో చాలామందికి ఆంటీ తెలుసు. ఆవిడ చేతి గోంగూర పచ్చడి తెలియనివాళ్ళు తక్కువ. ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రిటైరయ్యేదాకా పని చేశారనీ, సాయంత్రం వచ్చి వండిపెట్టింది ఆ ఉద్యోగం చేసిన చేతులతోనేననీ మాత్రం చాలామందికి తెలియదు. ఆవిడ చెప్పేవారూ కాదు. అంకుల్ మత్తు డాక్టరు. ఊళ్ళో అందరినీ నిద్రపుచ్చి, తను మాత్రం కుదురుగా కూర్చోని మనిషి. భోజనం చేస్తూ ఫోన్ కోసం లేచేవారు, ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళేవారు, అక్కడినుంచి మా డ్రైవ్‌వేలో మంచు తీయడానికి వచ్చేవారు. ఈలోపు ఆయన కంచంలో చారన్నం చల్లారిపోయేది. రిటైరైతే కుదురుకుంటారని ఆంటీ ఆశపడ్డారు. ఆసుపత్రి లేకపోయేసరికి ఆ తిరుగుడంతా ఇంట్లోకే వచ్చింది.

మాకు గ్రీన్ కార్డులు వచ్చిన ఏడాది, ఇక వీసా స్టాంపింగ్ భయం లేకుండా దేశం దాటొచ్చని మా ఆయన కరీబియన్ క్రూజ్ ఒకటి చూశాడు. ఫిబ్రవరిలో షికాగో చలి తప్పించుకుని ఒక వారం ఓడ మీద. పక్కింటివాళ్ళని కూడా రమ్మన్నాం. అంకుల్ వంద సాకులు చెప్పారు. ఆంటీ మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. నాకు ఆశ్చర్యమేసింది.

"మీకు సముద్రం అంత ఇష్టమా ఆంటీ?" అని అడిగాను.

"బందరులో పుట్టినదాన్ని, నాకు సముద్రం కొత్తేంటి? ఓడెక్కితే ఈయన ఎక్కడికీ పోలేడు కదమ్మా. పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఒక్క పూట, ఒకే ఒక్క పూట, నా ఎదురుగా కదలకుండా ఉంటే చాలు."

ఆవిడ నవ్వుతూనే అన్నారు గానీ అందులో వేళాకోళం లేదు. కొత్తిమీర తుంచుతున్న చెయ్యి ఆగింది.

ఆఫర్ ఆ రోజుతో అయిపోతుందని మా ఆయన తొందరపెట్టాడు. "ఆ వారంలో మీకేం లేవు కదా ఆంటీ?" అని అడిగి, ఆవిడ లేవనగానే బుక్ చేసేశాడు. అది నవంబరు. విజయవాడనుంచి ఎవరో ఒకరి పెట్టెలో రావలసిన కొత్త తెలుగు కేలెండర్ ఇంకా రాలేదు. అంకుల్ వాళ్ళమ్మగారి తద్దినం ఆ ఏడాది ఫిబ్రవరి ఆఖర్న వచ్చింది కాబట్టి ఈసారీ అప్పుడే అనుకున్నారు ఆంటీ. తిథి ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుందన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లో తిథి గుర్తుపెట్టుకునేది ఆంటీ. అంకుల్ పని తలస్నానం చేసి పీట మీద కూర్చోవడమే. దేవుడి గురించి పెద్దగా పట్టించుకోని ఆయన ఆ ఒక్క రోజు మాత్రం ఎన్నడూ తప్పలేదు.

మయామీలో ఓడెక్కాం. ఆంటీ ఆశ మొదటి రోజే తేలిపోయింది. ఆ ఓడ మీద చుట్టూ నడవడానికి ఒక దారి ఉంది. అంకుల్ అది కనిపెట్టేశారు. జనమంతా కుర్చీల్లో వాలి ఎండ కాగుతుంటే, ఊరంతా ఒకదారి ఉలిపికట్టెది ఒకదారి అన్నట్టు, తెల్లబూట్లు వేసుకుని ఆయన ప్రదక్షిణాలు. ఒక ముసలి అమెరికన్ తోడు కూడా దొరికాడు. ఇద్దరూ చేతులూపుకుంటూ మా ముందునుంచి పోవడం, కాసేపటికి మళ్ళీ ప్రత్యక్షమవడం. ఆంటీ పక్కన ఒక ఖాళీ కుర్చీ మీద తువ్వాలు వేసి ఉంచేవారు. ఎవరైనా అడిగితే, "మా ఆయన వస్తారు," అనేవారు. ఆ కుర్చీలో ఆయన కూర్చోగా నేను చూడలేదు. దీవులొచ్చాయి, పోయాయి. ఆంటీ ఒక్క మాట అనలేదు. నాకే ఒళ్ళు మండేది.

తిరుగు ప్రయాణంలో ఒక రోజంతా ఓడ ఎక్కడా ఆగదు. ఆ పొద్దున పై అంతస్తులో బఫే దగ్గర కూర్చున్నాం. మా ఆయన రెండో ఆమ్లెట్‌లో ఉన్నాడు. నేను ఏవేవో తినేశాను. ఆంటీ ముందు మంచినీళ్ళ గ్లాసు ఒక్కటే ఉంది. అంకుల్ నడక ముగించుకుని, నిలబడే కాఫీ తాగుతున్నారు.

"ఏవండీ," అన్నారు ఆంటీ. "ఈవేళ అత్తయ్యగారి తద్దినం."

అంకుల్ కప్పు కింద పెట్టేశారు. "వచ్చే వారమన్నావుగా?"

"పొరపాటుపడ్డాను. జనవరిలో కేలెండర్ వచ్చాక చూశాను."

"జనవరిలో తెలిస్తే ఇప్పుడా చెప్పడం?"

"అప్పుడే చెప్తే మీరు ప్రయాణం మానేసేవారు."

ఆయన బయటికి వెళ్ళిపోయారు. ఆంటీ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. అద్దంలోంచి చూస్తే ఆయన కాలుగాలిన పిల్లిలా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నారు. అయిపోయింది, ఆవిడ అడిగిన ఒక్క పూట కూడా లేకుండానే ఇంటికి పోతాం అనుకున్నాను.

కాసేపటికి ఆయనే వచ్చారు. మొహం ఎర్రగా ఉంది. "కాఫీ కూడా తాగేశాను," అన్నారు చిన్నపిల్లాడిలా. తరవాత, "మంత్రాలు లేకపోతే పోనీ. మా అమ్మ పేరు చెప్పి ఒక్కరికైనా కడుపునిండా పెట్టాలి. నువ్వు తింటావటోయ్?" అని మా ఆయన్ని అడిగారు.

"అంకుల్, నేను ఆమ్లెట్ తిన్నాను," అన్నాడు పాపం మావాడు, తలదించుకుని. నావైపు చూశారు. నా కంచమే సాక్ష్యం. ఆయన చుట్టూ కలయజూశారు. ఎటు చూసినా పళ్ళేలు, పళ్ళేల నిండా తిండి. "ఇంత తిండి ఉంది. ఆకలిగా ఉన్నవాడు ఒక్కడు లేడు," అన్నారు. అంత దిగులుగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నాకుంది ఆకలి," అన్నారు ఆంటీ. "పొద్దున్నుంచీ నీళ్ళు తప్ప ఏం ముట్టలేదు. ఈ ఓడ మొత్తంమీద ఆకలిగా ఉన్నది నేనొక్కదాన్నే. నాకు పెట్టండి."

"నీకా?"

"ఏం? ఇన్నేళ్ళూ అత్తయ్యగారికి వండింది నేను. అందరూ తిన్నాక ఏ నాలుగింటికో మిగిలింది తిన్నది నేను. ఒక్కసారి నన్ను కూర్చోబెట్టి వడ్డిస్తే ఆవిడేం కాదనరు."

అంకుల్ పళ్ళెం పట్టుకుని బయలుదేరారు.

ఆ వంటవాళ్ళని ఆయన అడిగిన ప్రశ్నలు, ఆపరేషన్ ముందు రోగిని అడిగినట్టే. దీంట్లో వెల్లుల్లి ఉందా, దాంట్లో ఉల్లిపాయ పడిందా, పుడ్డింగ్‌లో గుడ్డుందా. ఉందన్నారు. దాన్ని వదిలేసి, అన్నంలో వేడిపాలూ పంచదారా తనే కలిపి పరమాన్నం అనిపించారు. తెల్లన్నం, ఉడికిన బఠాణీలు, పెరుగు, అరటిపళ్ళు తెచ్చారు. ఓడ వెనకభాగంలో నీడన ఉన్న బల్ల చూసి, దక్షిణం ఎటని ఒక పనివాణ్ణి అడిగారు. వాడు చూపించేలోపే ఓడ కొంచెం తిరిగింది. "మనం ఎటున్నా అత్తయ్యగారికి తెలుస్తుందిలెండి, అన్నం చల్లారిపోతుంది," అన్నారు ఆంటీ. అని, చేతిసంచీలోంచి రేకు కాగితంలో చుట్టిన నువ్వుల ఉండలు తీసి బల్ల మీద పెట్టారు.

"అన్నీ అనుకునే వచ్చావన్నమాట," అన్నారు అంకుల్.

"ఆఁ," అన్నారు ఆంటీ.

ఆంటీ తినడం మొదలుపెట్టారు. మేము పక్క బల్ల దగ్గరున్నాం. అంకుల్ నిలబడ్డారు. వడ్డించేవాడు మధ్యలో పోకూడదు కదా. ఆవిడ ఒక్కొక్క ముద్దా తీరిగ్గా కలుపుకుని, నమిలి, సముద్రం వైపు చూసి, మళ్ళీ ఆయనవైపు చూసి తిన్నారు. "ఇంకాస్త పెరుగు," అన్నారు. ఆయన వేశారు. ఆ ముసలి అమెరికన్ చేతులూపుకుంటూ వచ్చి, "కమాన్ డాక్!" అన్నాడు. అంకుల్ తల అడ్డంగా ఊపి, "నాట్ టుడే," అన్నారు. అతను ఒక్కడే పోయాడు. ఒక్కడే మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పోయాడు. అంకుల్ కదల్లేదు. ఆంటీ పళ్ళెంలో అన్నం తరిగే తొందరలో లేదు. ఆవిడ మొహం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

తరవాత ఒకసారి, "కావాలనే నెమ్మదిగా తిన్నారు కదూ?" అని అడిగాను. "ఎదురుగా మనిషి నిలబడి పెడుతుంటే సగం కడుపు దాంతోనే నిండుతుందమ్మా. మిగతా సగానికి తొందరేముంది?" అన్నారు.

ఆ తరవాత ప్రతి తద్దినానికీ గుడినుంచి వచ్చిన పంతులుగారి భోజనం కాగానే అంకుల్ ఆంటీని కూర్చోబెట్టి వడ్డించేవారు. ఏడాదికి ఆ ఒక్క పూట ఫోన్ మోగినా తీసేవారు కాదు. మామూలు రోజుల్లో మాత్రం ఏ మార్పూ లేదు. నేనూ అంతే. ఆంటీ వండి పిలిచినప్పుడల్లా కారు తాళాలు చేతిలో పట్టుకుని, "తినేశాను ఆంటీ, ఐదు నిమిషాల్లో వెళ్ళాలి," అనేదాన్ని.

మొన్న ఆంటీ మొదటి మాసికం. పంతులుగారు తిని వెళ్ళిపోయారు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన కొడుకు అప్పటికే పైన ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. నేను ఆఫీసునుంచి తిన్నగా వెళ్ళేసరికి అంకుల్ ఒక్కరే వంటింట్లో పొయ్యి దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర్నుంచి పొయ్యి దాకా తిరుగుతున్నారు. నన్ను చూసి ఆగారు.

"తినే వచ్చుంటావు," అన్నారు.

"లేదంకుల్. పొద్దున్నుంచీ ఏం తిన్లేదు. ఆకలేస్తోంది."

ఆయన ఆంటీ కూర్చునే కుర్చీ వెనక్కి లాగి, కంచం పెట్టి, అన్నం వడ్డించి, గరిటె చేత్తో పట్టుకునే ఎదురుగా నిలబడ్డారు. కారు తాళాలు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఎక్కడో ఆయన ఫోన్ మోగి ఆగిపోయింది. నేను నెమ్మదిగా తిన్నాను.