షోకేసులో నాలుగేళ్లున్న మస్కడే

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. మా తోడల్లుడి ఉద్యోగాన్ని ఫ్రెంచ్ వైన్ నిలబెట్టిందని మేం వలస వచ్చిన టార్నీట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఆ వైన్ పోసిన రోజు నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను.

ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసే వైపు పండే ద్రాక్షతో మస్కడే అనే తెల్ల వైన్ చేస్తారు. పలచగా, పుల్లగా ఉంటుంది. మామూలు సీసా అయితే రెండు మూడేళ్లలో తాగెయ్యాలి. నేను గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను, మందు ముట్టను. లువార్ లోయ మీద లైబ్రరీలో దొరికిన మూడు పుస్తకాలూ చదివి ఇదంతా నేర్చుకున్నాను. మా తోడల్లుడికి తెలిసింది ఒక్కటే, వైన్ ఎంత పాతదైతే అంత గొప్పదని. ఫ్రాన్స్ టూర్‌లో కొన్న సీసాను హాల్లో షోకేసులో, పిల్లలు గెలిచిన కప్పుల పక్కన, పడమటి ఎండ తగిలేలా నాలుగేళ్లు నిలబెట్టాడు.

కాంట్రాక్టు నెలలో ముగుస్తుందనగా మేనేజర్‌ను ఆదివారం లంచ్‌కి పిలిచాడు. ఆయన పొడిగించకపోతే వీసా పోయి, కుటుంబమంతా ఇండియా వెళ్లిపోవాలి.

"అన్నయ్యా, ఆ సీసా తియ్యకండి. పాడైపోయుంటుంది. బాటిల్ షాప్‌లో కొత్తది తెచ్చుకోండి" అన్నాను.

"చూడవే, ఫోర్క్‌లిఫ్ట్ గారు వైన్ మీద లెక్చర్ ఇస్తున్నారు" అన్నాడు వదినతో. "ఎప్పుడైనా ఒక్క చుక్క టేస్ట్ చేశావా బ్రదర్?"

"లేదు."

"మరి? లైబ్రరీ కార్డ్ నాకితే టేస్ట్ తెలిసిందా?"

గ్లాసులో పోస్తే టీ డికాక్షన్ రంగు. కుళ్లిన యాపిల్ వాసన నాదాకా వచ్చింది. మేనేజర్ ఒక్క గుటక మింగి, గ్లాసును నీళ్ల జగ్గు వెనక్కి నెట్టి, "ఇంట్రెస్టింగ్" అన్నాడు. మా వాడు కళ్లు మూసుకుని, "ఏజ్ తెలుస్తోంది కదా" అన్నాడు.

వదిన అల్లం, కొత్తిమీర వేసిన మజ్జిగ తెచ్చి పెట్టింది. మేనేజర్ రెండు గ్లాసులు తాగాడు. ఎలా చేస్తారని అడిగాడు, తాతగారి పాడి ఆవుల గురించి చెప్పాడు, చివరికి ఆఫీసు మాట కూడా ఆయనే ఎత్తాడు.

వారం తిరిగేసరికి కాంట్రాక్టు పొడిగించారు.

"ఫ్రెంచ్ వైన్ పవర్ చూశావా బ్రదర్" అని మా వాడు ఫోన్ చేశాడు. మేనేజర్ ముందే నిర్ణయించుకున్నాడేమో నాకు తెలియదు. వైన్ వల్ల మాత్రం కాదు.

పేర్లు రాస్తే నన్ను భోజనాలకు పిలవడం మానేస్తారు. అందుకే పేర్లు లేకుండానే కృతజ్ఞతలు చెబుతున్నాను: పుస్తకాలు వేరే బ్రాంచి నుంచి తెప్పించిన లైబ్రేరియన్‌కు, ఫ్రెంచ్ పేర్లు పలకడం నేర్పిన మా సూపర్‌వైజర్‌కు, ఆ గుటక ఉమ్మెయ్యకుండా మింగిన మేనేజర్‌కు, అందరికంటే ఎక్కువగా మజ్జిగ కలిపిన వదినకు. ఆవిడకు ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ థాంక్స్ చెప్పలేదు.