పోగులో కార్జం ముక్క

ఆదివారం పూట చర్చి వెనక తాటాకుల మీద పన్నెండు పోగులు. కత్తి పట్టిన మా మామ, వాటాదారులు పదకొండు మంది, మా అవ్వ, నేను, రెండు కుక్కలు. ఎనభైల మొదట్లో ఉదయగిరి దగ్గర మా ఊళ్ళో పందిని కోస్తే ఇదే పద్ధతి. తూకం లేదు. ప్రతి పోగులోనూ తొడ, డొక్క, ఎముక, కొవ్వు, కార్జం కొంచెం కొంచెం పడాలి. ఏరుకోవడం కుదరదు.

నాకేమో ఏరుకోవలసిన అవసరం పడింది. కాన్పులో అక్కకు రక్తం బాగా పోయింది. హిమోగ్లోబిన్ ఏడు. నెలలోగా పెరగకపోతే నెల్లూరులో రక్తం ఎక్కించాలన్నాడు డాక్టరు. పసిబిడ్డతో అంత దూరం బస్సులో వెళ్ళాలంటే అక్కకు భయం.

ఆత్మకూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా అప్పుడే చేరిన ఊపులో అవ్వకు వివరించాను. డొక్కలో కొవ్వెక్కువ, రక్తానికి పెద్దగా పనికిరాదు. తొడలో మాంసకృత్తులు బాగా ఉంటాయి, ఇనుము తక్కువ. కార్జంలో, అంటే కాలేయంలో, ఇనుము దానికి ఎన్నో రెట్లు. నాటుపందికీ సీమపందికీ కొవ్వులో తేడా ఉండవచ్చు గానీ ఈ వరుస మారదు.

"కొవ్వుంటేనే బలంరా. బాలింతకు తెల్లంగా నిగనిగలాడే ముక్క పెట్టాల," అంది అవ్వ.

"బలం వేరు, రక్తం వేరు అవ్వా."

"రక్తం లేకుండా బలమెట్టొస్తాది? ఇదేనా నువ్వు సదివింది?"

మామను అడిగాను. "ఏంది అల్లుడా, కార్జమంతా నీకే ఇస్తే వీళ్ళకేం జెప్పాల? నా కార్జం కోసియ్యాలా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఎదురింటి పెద్దమ్మ మాత్రం తన కార్జం ముక్క తీసి మా పోగులో వేసింది. "నీ కొవ్వు ఇటెయ్ నాయనా. ఆ కొవ్వులేని ముక్క నాకెందుకు?"

అంతే, మా కొవ్వుకు గిరాకీ మొదలైంది. మిగతావాళ్ళూ ముక్కకు ముక్క మార్చుకున్నారు. మా కొవ్వంతా పక్క పోగులకు పోతుంటే అవ్వ ముఖం మాడిపోయింది. "అయ్యో, బలమంతా ఊరికి పంచేసినాడే!" అని గొణిగింది.

తర్వాతి ఆదివారాల్లోనూ అదే బేరం సాగింది. బాగా ఉడికించిన కార్జంతో పాటు అక్క డాక్టరిచ్చిన మాత్రలూ వేసుకుంది కాబట్టి ఘనతంతా పందికి ఇవ్వను. నెల తిరిగాక ఆత్మకూరులో నేనే పరీక్ష చేశాను. నెల్లూరు అక్కర్లేదన్నాడు డాక్టరు.

హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర.