రెండో కంచం

పెంచలకృష్ణ మాటల్లో సగం తగ్గించుకుని వినాలని పల్లెపాళెంలో అందరికీ తెలుసు. తన వలలో పడ్డ సొరచేప కాన్వెంటు ప్రార్థన మొత్తం ఇంగ్లీషులో అప్పజెప్పిందని మనవళ్లకు చెప్పిన మనిషి ఆయన. సిస్టర్ల దయతో నెల్లూరు కాన్వెంటులో చదువుకుని, రొయ్యల మేత కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. అరవై ఎనిమిదేళ్లలో ఎన్ని కోతలు కోసినా సిగ్గుపడి ఎరగడు. సిగ్గు ఈ మధ్యే మొదలైంది, ఆయన కథకు బహుమతి వచ్చాక.

ఒక వారపత్రిక పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. ఆ కథలో పడవ నడిపేవాడొకడు పెళ్లాన్ని వదిలి పోతాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి గడప మీద కూర్చుంటాడు. ఆమె ఎక్కడికి పోయావని అడగదు. తన కంచం పక్కన రెండో కంచం పెడుతుంది. ఆ కంచం దగ్గర కళ్లు తడిశాయని న్యాయనిర్ణేతలు రాశారు. కథంతా పెంచలకృష్ణదే. కంచం మాత్రం ఆయనది కాదు.

ఆయన చిన్నప్పుడు అక్క కామాక్షమ్మ ఎండుచేపలు అమ్మేది. పొట్లాలు కట్టడానికి పాత వారపత్రికలు కొనేది. అయిదో తరగతితో బడి మానేసినా, చేపలు చుట్టే ముందు ప్రతి కాగితమూ చదివేది. సెలవులకు ఇంటికొచ్చిన తమ్ముడికి అందులోని సీరియళ్లు వినిపించేది. కథ ఎక్కడ ఆపాలో, ఎవరి నోట ఏ మాట పలికించాలో ఆయన నేర్చుకున్నది ఉప్పువాసన కొట్టే ఆ కాగితాల దగ్గరే. రెండో కంచం అలాంటి ఒక సీరియల్ చివర విన్నది. రచయిత పేరున్న పేజీ ఏనాడో నెత్తళ్ల చేపల పొట్లమైపోయింది. దొంగతనం పట్టుకునేవాళ్లు లేరు, అక్క తప్ప.

అందుకే తోటపల్లి గూడూరు లైబ్రరీలో సన్మానం పెడితే, అది వాయిదా పడిందని అక్కకు చెప్పి ఒక్కడే వెళ్లాడు. ముగింపు ఎలా తట్టిందని వేదిక మీద అడిగారు. ఒడ్డున కూర్చుని ఉంటే అల తెచ్చి ఒళ్లో వేసిందన్నాడు. చప్పట్లు మోగాయి. శాలువాను చేతిసంచి అడుగున కుక్కి, పైన అరటిపళ్లు పెట్టుకుని ఇల్లు చేరాడు.

కామాక్షమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఒళ్లో ఆ వారపత్రిక. చూపు ఆనక, పక్కింటి రోజా చేత కథ చదివించుకుందట. సభ ఫొటోలు కూడా రోజానే ఫోన్లో చూపించిందట.

“వాయిదా పడిన మీటింగులో శాలువా కప్పినారంటనే” అంది.

పెంచలకృష్ణ అరటిపళ్లు తీసి పక్కన పెట్టి, సంచి అడుగునున్న శాలువా బయటికి లాగాడు.

“ఆ కంచం నాది కాదక్కా. నువ్వు చదివిన సీరియల్లోది. దొంగిలించినాను.”

“సీరియల్లో యాడుందిరా? ఆఖరి వారం పుస్తకం నాకు దొరకనే లేదు.”

“మరి చదివి వినిపించినావు గదా?”

“చదివినట్టు ఏదో కాగితం పట్టుకున్నాలే. అది సబ్బు అడ్వటైజుమెంటు. సీరియల్లో ఇల్లొదిలిపోయిన పిల్లోడొస్తాడా రాడా అని నువ్వు కూడు ముట్టకుండా ఏడస్తా కూర్చున్నావు. నీ ముందర కంచం పెడతా, నోటికొచ్చింది అల్లేసినా.”

ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. పేరు కూడా తెలియని ఎవరో రచయిత సొత్తేలే అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాడు. సొత్తు గలామె ఇదిగో, మోకాళ్లు ఒత్తుకుంటూ ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె రాకుండా చేసి, ఆమెకు దక్కాల్సిన చప్పట్లు అలకు కట్టబెట్టి వచ్చాడు.

మర్నాడు ఉదయం పత్రికకు ఉత్తరం మొదలుపెట్టాడు. మొదటి కాగితంలో తుఫాను వచ్చేసింది. రెండో దాంట్లో అక్క చేపల గంప మోస్తూ వానలో తడిసింది. మూడో దాంట్లో అందరికంటే జాలిపడదగ్గ మనిషిగా తానే తేలాడు. మూడూ చించేసి రెండు వాక్యాలు రాశాడు. ‘నా కథ ముగింపు మా అక్క కామాక్షమ్మ కల్పించినది. వేదిక మీద నేను చెప్పింది అబద్ధం.’

అక్కకు చదివి వినిపించాడు.

“సగమన్నా నీకు పెట్టుకోరా అబ్బయ్యా. అల్లింది నేనైనా ఏడ్చింది నువ్వే గదా.”

ఆ మాట ఎంత బాగుందో ఆయనకు వెంటనే తట్టింది. ఉత్తరం చివర చేర్చడానికి కలం అప్పటికే కాగితం మీదికి వెళ్లిపోయింది. అదీ అక్క మాటేనని చూసుకునేసరికి చెవులు వేడెక్కాయి. కలానికి మూత పెట్టి, కవరు అంటించి, అక్క ముఖం చూడకుండా పోస్టాఫీసుకు నడిచాడు.