డైలాగు లేని వేషం

వీరగాథ ఒకటి వినిపిస్తాను, సిద్ధంగా కూర్చోండి. ధీరోదాత్తుడైన నాయకుడు, గురువాజ్ఞ, ఆపద నుంచి గట్టెక్కిన శిశువు, అన్నీ ఉన్నాయి. కాకపోతే నాయకుడు ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే వడ్రంగి. జీవితం మొత్తానికి ఆయన సూక్తి ఒక్కటే: "అలాగేనండి." కాబట్టి వీరగాథ కుదరదు, సంస్మరణతో సర్దుకోండి.

మా నాన్న జోజిబాబు గారు మొన్న మంగళవారం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకు చేరగిలబడి ప్రభువునందు నిద్రించారు. గుణదలలో మా ఇంటి నుంచి ఫోనొచ్చినప్పుడు నేను బెంజ్ సర్కిల్ సెల్‌ఫోన్ షాపులో ఎవరికో రింగుటోన్లు వినిపిస్తున్నాను. నిశ్చేష్టుణ్ణయ్యాను. రింగుటోను ఆపకుండా మోగనిచ్చాను. మా ఇంట్లో మౌనం ఆయన శాఖ, నాకు అలవాటు లేదు.

ఆయన నా కన్నతండ్రి కారు. ఆయన, నా కన్నతండ్రి ఒకే షెడ్డులో పనిచేసేవారు. నా రెండో ఏట కన్నతండ్రి పోతే, అప్పటి చర్చి ఫాదర్ గారు ఈయన్ని పిలిచి, "ఆ తల్లీబిడ్డల్ని నువ్వే చేరదీయాలి జోజీ" అన్నారట. ఈయన "అలాగేనండి" అన్నారట. బాలయేసుకు సాకుడు తండ్రి అయిన పునీత యోసేపు గారి విధేయత అచ్చం ఇదేనని సంఘమంతా కళ్ళొత్తుకునేది. నాకు మాత్రం ఒకటే వినపడేది: ఆయన నన్ను కోరుకోలేదు, నన్ను ఆయనకు అప్పజెప్పారు.

ఆ అనుమానంలో ఖైదీగా పెరిగాను. జైలరు మరీ సాధుస్వభావుడు, పోట్లాడి పారిపోవడానికి సందివ్వరు. ఇంటర్ తప్పినప్పుడు మా మేనమామ, "సొంత కొడుకైతే ఈపాటికి వీపు చిట్లగొట్టేవాడివి బావా!" అన్నాడు. నాన్న లేచారు. నేను ఆశగా వీపు సిద్ధం చేశాను. ఆయన సైకిలు తుడిచి, "ఎక్కు" అన్నారు. తీసుకెళ్ళి ట్యుటోరియల్లో చేర్పించారు.

క్రిస్మస్ నాటకంలో యోసేపు వేషం ఏటా ఆయనదే. సువార్తలో యోసేపు పెదవి విప్పడు కనుక నటన అక్కర్లేదు. గడ్డం అంటించుకుని, కర్ర పట్టుకుని పశువుల పాక పక్కన నిలబడేవారు. తొట్టిలో ఎవరి బిడ్డ ఏడ్చినా చటుక్కున ఎత్తుకునేవారు. "కథలో లేదండీ, దించండి" అని ఏటా మొత్తుకునేవాళ్ళు. ఆ మహావిధేయుడు దించేవారు కాదు.

సమాధుల తోట నుంచి వచ్చాక అమ్మతో అన్నాను, "పాపం, ఫాదర్ గారు చెప్పారని మనల్ని ఇన్నాళ్ళూ మోశారు."

అమ్మ ఏడుపు ఆపింది. "ఎవర్రా చెప్పింది? ఈయనే వెళ్ళి బతిమాలాడు. ఆళ్ళని చేరదీయమని మీరే నాకు చెప్పండి ఫాదర్, మీరు చెబితే ఈ పెళ్ళికి మా అమ్మ కాదనదు అని ఈయనే అన్నాడు. నువ్వు షెడ్డులో రంపంపొట్టులో ఆడుకునేవాడివి. సాయంత్రం నిన్ను ఇంటికి పంపాలంటే ఈయనకి ప్రాణం ఒప్పేది కాదు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వడిగావా?"

అడగలేదు. ఇక ఎవరిని అడగను?

ఆ సాయంత్రం ఇప్పటి ఫాదర్ గారు వచ్చి, "యోసేపు వేషం ఈ ఏడు నువ్వే వెయ్యాలి బాబూ" అన్నారు. తప్పించుకోవడానికి నా దగ్గరెప్పుడూ పది జోకులుంటాయి.

"అలాగేనండి" అన్నాను.

ఆ ధన్యజీవికి నా సాష్టాంగ ప్రణామాలు. ఆయన నిలబడ్డ చోట ఎవరు నిలబడినా కనిపించేది గడ్డమే, ఆయన కాదు.

ఆ గడ్డం అంటించే జిగురు నీళ్ళతో పోదట, కొబ్బరినూనె రాయాలంది అమ్మ.