రెండు వేళ్ళంటే వంకర బంతి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. మా రూంలో కనిపించిన ఎలుక నా నోట్లోంచి బయటికొచ్చేసరికి మేకపిల్ల అవుతుంది. మా వైపు దీన్ని గప్పాలు కొట్టడం అంటారు, మా ఆవిడ రోగం అంటుంది. కాబట్టి ఇందులో ఎండలు, బంతులు, మనుషుల పొట్టలు అసలు కొలతకి రెండు మూడింతలు ఉంటాయి. చదివేవాళ్ళే తగ్గించుకోవాలి. ఒక్క చోట మాత్రం పెంచడం కాదు, ఉత్త కల్పన ఉంది. అది ఎక్కడో చివర చెప్తాను. ఇప్పుడే చెప్తే ఆ చోటు రాగానే నా మొహం వంక అదోలా చూస్తారు.

పదిహేడేళ్ళుగా నేను ఖతర్‌లో పనిచేస్తున్నాను. మా ఊరి లెక్క ప్రకారం దుబాయ్‌లో ఉంటున్నాను. మొదటి మూడేళ్ళు సరిదిద్దాను, తర్వాత నేనే దుబాయ్ అనడం మొదలుపెట్టాను. పని ఏమిటంటే, క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేయడం. కాగితాల్లో రిగ్గర్ అని రాస్తారు. క్రేన్ నడిపేవాడు మేఘాల్లో ఒక అద్దాల పెట్టెలో కూర్చుని ఉంటాడు. కిందేముందో వాడికి తెలియదు, నా చేతులే వాడి కళ్ళు. బొటనవేలు పైకి చూపిస్తే టన్నుల కొద్దీ ఇనుము లేస్తుంది, అరచెయ్యి చాపితే గాల్లో ఆగిపోతుంది. దోహాలో సగం బిల్డింగులు నేను వేలెత్తితేనే లేచాయి. ఇది బాగా తగ్గించుకోవలసిన చోటు.

నా బిడ్డ నిజామాబాద్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ టీంలో బేస్‌బాల్ ఆడుతుంది. మా జిల్లాలో ఆడపిల్లలు ఆ ఆట ఆడటం కొత్తేమీ కాదు, ఆ ఆట నాకే కొత్త. నాకు తెలిసింది క్రికెట్, కబడ్డీ, పేకాట. మూడేళ్ళ నుంచి తను ఆడుతూనే ఉంది, నేను ఒక్క మ్యాచ్ చూడలేదు. ఫోటోలు పంపుతుంది. వాటిలో ఇనప జాలీ మాస్కు, ఛాతీకి కవచం, కాళ్ళకి పలకలు కట్టుకుని గొంతుక్కూర్చున్న ఎవరో ఒక మనిషి ఉంటుంది. "మొఖం కనవడ్తలేదు, ఇది మన పిల్లనేనా?" అని మా ఆవిడని అడిగేవాణ్ణి. "మోకాలు జూస్తె తెలుస్తలేదా, నీదే మోకాలు" అనేది ఆమె.

మా తండ్రీబిడ్డల ఫోను సంభాషణ మొత్తం ఇక్కడ రాసినా కాగితం దండగ కాదు.

"తిన్నవా బాపూ?"

"తిన్న బిడ్డా. నువ్వు?"

"తిన్న. అమ్మకియ్యాల్నా?"

అంతే. దీన్ని వారానికొకటి చొప్పున ఏళ్ళ తరబడి నడిపించాం. ఒక్కసారి మాత్రం సెమీఫైనల్ గెలిచామని సంతోషంగా చెప్పింది. నేను ఆ సంతోషాన్ని వదలకూడదని అడిగాను, "ఎన్ని సిక్సులు కొట్టినవ్ బిడ్డా?"



"దాంట్ల సిక్సులుండయ్ బాపూ. నేను క్యాచర్‌ను."

"అట్లనా. మరి ఎన్ని క్యాచులు వట్టినవ్?"

"అమ్మకిస్తున్న."

ఆ "అమ్మకిస్తున్న" చెవిలో పడి ఇప్పటికీ బయటికి రాలేదు. తనతో ఐదు నిమిషాలు మాట్లాడటానికి సరిపడా ఒక్క సరైన ప్రశ్న నా దగ్గర లేదని ఆ రోజు తెలిసింది. ఎల్లలు దాటి పదిహేడేళ్ళు బతికినవాడికి ఒక ప్రశ్న కరువైంది.

పోయిన నెల తనే అడిగింది. "వచ్చే నెల ఆఖరి టోర్నీ బాపూ. మన నిజామాబాద్‌లనే. దీనితోని నా ఆట ఒడిశినట్టే. వస్తవా?"

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. సంగతి చెప్పాను. ఆయన టేబుల్ మీద గుద్దిన గుద్దుకి చాయ్ కప్పు జానెడు ఎత్తు లేచి, గాల్లో ఒకసారి చుట్టూ చూసి, మళ్ళీ వచ్చి సాసర్‌లోనే కూర్చుంది. గోడ మీద క్యాలెండర్ భయపడి ఒక నెల ముందుకి తిరిగింది. "బాల్ గేమ్? లీవ్ మాఫీ. యల్లా, డ్యూటీ" అన్నాడు. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదని, యల్లా అంటే నడువని. అదే బిడ్డకి చెప్పాను, లీవ్ లేదన్నాడని. "సరే తియ్ బాపూ" అంది. కోపంగా అన్నా బాగుండేది.

మా రూం అల్ దోహా అల్ జదీదాలో ఉంది. పై మంచం మీద ఉండేది హైదరాబాద్ భాయ్, కాలేజీ పిల్లల్ని తిప్పే బస్సు డ్రైవర్. తెలుగులో మొదలుపెట్టిన మాటని ఉర్దూలో ముగిస్తాడు. నా మూలుగులు పైదాకా వెళ్ళినట్టున్నాయి. ఒక పొద్దున తల కిందికి వేలాడేసి అన్నాడు, "జుమ్మా రోజు మా కాలేజోళ్ళది ఇదే మ్యాచ్ ఉంది, దుఖాన్ తోవల. నమాజ్ అయినంక పోతం. చూసి నేర్చుకో. సమఝ్ కాకుంటే నేనున్నా."

"నీకు తెలుసా ఆ ఆట?"

"దో సాల్ సంది బస్సుల తీస్కపోతున్న. తెల్వకుంటదా?"

శుక్రవారం ఆ బస్సెక్కాను. పాతికమంది కాలేజీ కుర్రాళ్ళు, వాళ్ళ బ్యాట్ల సంచులు, ఒక ఫ్రిజ్ అంత నీళ్ళ డబ్బా, దాన్ని మించిన పొట్టతో ఒక కోచ్. ఊరు దాటాక ఎడారి మొదలైంది. ఆ మధ్యాహ్నం చలికాలమే, కానీ నేను రాస్తున్నాను కాబట్టి మండుటెండ. గ్రౌండ్ ఎర్రటి మట్టి, మధ్యలో పచ్చటి గడ్డి, చుట్టూ జాలీ. చూడ్డానికొచ్చినవాళ్ళు మొత్తం పద్నాలుగు మంది, అందులో ఇద్దరం మేము.

వికెట్ల వెనక కూర్చున్నట్టుగా జాలీ వెనక కూర్చున్నాం. నా ఎదురుగా, బిడ్డ ఫోటోల్లోని మాస్కూ కవచాలతో, క్యాచర్ వీపు. గొంతుక్కూర్చున్నాడు, చెట్టంత మనిషి మడతపెట్టిన కుర్చీలా అయిపోయాడు. మిగతా ఎనిమిదిమంది మా వైపు చూస్తున్నారు, ఆ ఒక్కడే మాకు వీపు చూపిస్తున్నాడు. మూడేళ్ళుగా ఫోటోల్లో నాకు అర్థం కానిది ఆ మనిషే.

మూడో బంతికి బ్యాటు తగిలింది. బంతి లేచింది, జాలీ దాటింది, మా తల మీదుగా సౌదీ బార్డర్ వైపు వెళ్ళిపోయింది, దానికి వీసా ఉందో లేదో. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టి, "సిక్సర్" అని అరిచాను. కోచ్ పొట్ట మా వైపు తిరిగింది, దాని వెనక కోచ్ తిరిగాడు.

భాయ్ నా చొక్కా లాగి కూర్చోబెట్టాడు. "అది ఫౌల్. ఎనకకి పోతే లెక్క మాఫీ."

"అంత దూరం పోయిందిగద?"

"దూరం కాదు భాయ్, సైడు. ముందల్కి పోవాలె. ఇజ్జత్ తీస్తున్నవ్, బస్సు నీడకి పోదాం పా."

అలా వెలివేసినట్టుగా గ్రౌండ్ అవతలి చివరికి వెళ్ళాం. బస్సు అక్కడ కంచె పక్కన ఆగి ఉంది. దాని నీడలో కూర్చుంటే బంతి విసిరేవాడి వీపు, వాడికి అవతల, వంద గజాల దూరంలో, ఎదురుగా క్యాచర్.

అప్పుడు చూశాను. క్యాచర్ ఎడమ చేతికి గ్లౌజు. కుడి చెయ్యి రెండు మోకాళ్ళ మధ్య, తొడల చీకట్లో. అందులో ఒక వేలు కదిలింది. విసిరేవాడు తల ఊపాడు. బంతి నేరుగా, మహా వేగంగా వెళ్ళింది.

తర్వాత రెండు వేళ్ళు. ఈసారి బంతి సగం దూరం వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు కిందికి వంగింది.

నా కళ్ళ గురించి మాత్రం పెంచడం లేదు. పైన బరువు దించుకునే రోజుల్లో నలభయ్యో అంతస్తులో నిలబడి కిందున్న రిగ్గర్ వేళ్ళు చదవడం కూడా నా వృత్తే. ఇంకో పది బంతులు చూశాను. ఒక వేలంటే సూటిగా, రెండంటే వంకరగా. తొడ లోపలివైపు తడితే ఇటు, బయటివైపు తడితే అటు.

"ఇప్పుడు వంకర పోతది చూడు" అన్నాను.

పోయింది. భాయ్ నా వైపు చూశాడు.

"ఇప్పుడు సీదా."

సీదా పోయింది. ఐదోసారికి భాయ్ కొంచెం జరిగి కూర్చున్నాడు. "నీ మీద జిన్ను ఉందా ఏంది?"

"జిన్ను కాదు. అదుగో, ఆ కూసున్నోడు సైగ జేస్తుండు. అది నా డ్యూటీ భాయ్. వాడు విసురుతలేడు, వీడు విసిరిస్తుండు."

ఆ తర్వాత నేను బంతిని చూడటం మానేశాను. క్యాచర్‌నే చూశాను. అందరూ ఎటు జరగాలో చేత్తో చూపిస్తున్నాడు. బంతి మాస్కుకి తగిలి తల వెనక్కి వెళ్ళినా సర్దుకుని మళ్ళీ కూర్చుంటున్నాడు. ఆఖర్లో, అటువైపువాళ్ళు స్కోరులో దగ్గరికొచ్చేసిన సమయంలో, రెండు వేళ్ళు చూపించాడు. విసిరేవాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ రెండు. మళ్ళీ వద్దన్నాడు. క్యాచర్ లేచాడు, తొందర లేకుండా నడుచుకుంటూ అతని దగ్గరికి వెళ్ళాడు, భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు, తిరిగొచ్చి కూర్చున్నాడు. రెండు వేళ్ళు. ఈసారి సరేనన్నాడు. బంతి వంగింది, బ్యాటు గాలిని కొట్టింది, ఆట అయిపోయింది.

అందరూ పరుగెత్తుకెళ్ళి విసిరినవాణ్ణి ఎత్తుకున్నారు. క్యాచర్ మాస్కు తీసి, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ వెనకాల నిదానంగా నడిచాడు. నేను కంచె పట్టుకుని నిలబడి అతనొక్కడికే చప్పట్లు కొట్టాను. అంత దూరం వినబడలేదు. వినబడినా ఎవరికో అనుకునేవాడు.

బస్సులో కూర్చుని ఫోను తీశాను. ఏడాది క్రితం బిడ్డ పంపిన ఫోటో. మాస్కు, కవచం, నా మోకాళ్ళు. వేళ్ళతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, తొడల మధ్య నీడలోకి వెళ్ళాను. అక్కడ తన కుడి చెయ్యి ఉంది. రెండు వేళ్ళు చాపి ఉన్నాయి. ఏడాదిగా అది నా ఫోనులోనే ఉంది. నేను మొహం కోసం వెతుకుతున్నాను.

బస్సు దోహా వైపు తిరగ్గానే ఫోన్ చేశాను.

"తిన్నవా బాపూ?"

"బిడ్డా, పోయిన్యాడు ఫోటో తోలినవ్ గద, నీలం గోడ కాడిది. దాంట్ల రెండు వేళ్ళు సూపిచ్చినవ్. వంకర బంతా?"



"నీకెట్ల తెలుసు బాపూ?"

"నేను గూడ అదే పని గద బిడ్డా."

ఇక ఆపలేదు. అవతలివాళ్ళు పరుగెత్తి, విసిరే చోటుకి వెనకుండే రెండో బేస్ మీదికి చేరితే వేళ్ళు వాళ్ళకీ కనిపిస్తాయట, అందుకని అప్పుడు సైగలు మార్చేస్తారట. విసిరే అమ్మాయి మొండిదట, ఏడిస్తే నీళ్ళు తాగించాలట, తిడితే ఇంకా బాగా విసురుతుందట. మోకాళ్ళకి పొద్దున్నే నొప్పి ఉంటుందట, ఇది గుసగుసగా, అమ్మకి చెప్పొద్దట. దుఖాన్ రోడ్డు పొడవునా మాట్లాడింది. ఒక్కసారి కూడా అమ్మకిస్తానని అనలేదు. వెనకాలనుంచి మా ఆవిడే, "దుబాయ్‌ల ఫోన్ ఫ్రీగ ఇస్తుండ్రా ఏంది" అంటోంది.

దోహా దీపాలు కనబడ్డాక తను కాస్త ఆగి అంది, "బాపూ, లీవు మళ్లొక్కసారి అడగరాదు?"

"అడుగుత బిడ్డా" అన్నాను.

మళ్లొక్కసారి, అంది. ఇప్పుడు నేను చెప్పవలసిన చోటు వచ్చింది.

ఫోటోలో వేళ్ళు నిజం. ఫోను నిజం, రోడ్డు పొడవునా అన్నది కూడా, భాయ్‌ని అడగండి. సౌదీ వైపు వెళ్ళిన బంతి పార్కింగ్‌లో దొరికింది. కల్పన ఏమిటంటే, మేనేజర్. ఆయన టేబుల్ గుద్దలేదు, కప్పు లేవలేదు, క్యాలెండర్ తిరగలేదు. మాఫీ అనలేదు. నేను ఆయన్ని అడగలేదు.

లీవు ఫారంలో కారణం అని ఒక గడి ఉంటుంది. పదిహేడేళ్ళలో ఆ గడిలో మావాళ్ళు పెళ్ళి రాశారు, చావు రాశారు, ఆపరేషన్ రాశారు, ఇంటి స్లాబు రాశారు. నేనూ స్లాబు రాసి వెళ్ళొచ్చాను. బిడ్డ బాల్ ఆట అని రాసినవాడు లేడు. అది చదివి ఆయన నవ్వుతాడని, ఆ నవ్వు సైటంతా తిరుగుతుందని, పోయిన నెల ఆఫీసు మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ప్రపంచాన్నంతా నవ్వించేవాణ్ణి నేనే కావాలి, నన్ను చూసి మాత్రం ఎవరూ నవ్వకూడదు.

ఇప్పుడు ఫారం నా ముందుంది. పేరు, నంబరు రాశాను. ఆ గడి బొటనవేలంత కూడా లేదు, పెంచి రాయడానికి చోటు లేదు. "కూతురి మ్యాచ్. క్యాచర్" అని రాశాను. రేపు పొద్దున ఆయన టేబుల్ మీద పెడతాను. ఆయన ఏమంటాడో ఈసారి నేను రాయను. ఆయన్నే అననిస్తాను.